ఇంట్లో బుజ్జి కుక్కకు మంచి ఫొటోలు తీయడం ఎలా?

పొమరేనియనో, షిట్జూనో, పగ్గో, ఏ జాతో చెప్పలేని చిన్న కుక్కో, ఇంట్లో ఒకటుందంటే ఫోన్ నిండా దాని ఫొటోలే ఉంటాయి. అందులో ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించదగ్గవి ఎన్ని అని వెతికితే మాత్రం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కొన్నిట్లో కళ్లు పచ్చగా మెరుస్తుంటాయి. కొన్నిట్లో తోక తప్ప ఇంకేం మిగలదు. చాలావాటిలో పైనుంచి తీసిన పెద్ద తల, దాని కిందెక్కడో బుల్లి కాళ్లు. దీనికి కెమెరాను తిట్టుకోనక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. అసలు పనంతా ఫోన్ చేతిలోకి తీసుకోకముందే ఉంటుంది: వెలుగున్న చోటు చూసుకోవాలి, కుక్క తనంతట తానే అక్కడికొచ్చి కూర్చునేలా చేయాలి, మనం నేల మీదికి దిగాలి. ఈ మూడూ కుదిరితే నొక్కడం ఎంతసేపు!

ముందు వెలుగు సంగతి

ఇంట్లో ఫొటోలకు కిటికీని మించిన లైటు లేదు. పగటిపూట బల్బులన్నీ ఆర్పేసి ఏ గదిలో వెలుతురు బాగుందో ఒకసారి తిరిగి చూడండి. నేరుగా ఎండ పడే కిటికీ కన్నా, ఎండ పడకుండా ఆకాశం వెలుగు మాత్రమే వచ్చే కిటికీ మేలు. ఉన్న ఒక్క కిటికీలోంచీ ఎండే వస్తోందంటే పల్చటి తెల్ల కర్టెన్ వేయండి. అదే ఎండ మెత్తబడి గదంతా పరుచుకుంటుంది.

బల్బులు ఆర్పమనడానికి కారణముంది. కిటికీ వెలుగుది ఒక రంగు, బల్బు వెలుగుది ఇంకో రంగు. రెండూ కలిస్తే కుక్క ఒంటి మీద ఒకపక్క నీలం ఛాయ, ఇంకోపక్క పసుపు ఛాయ పడుతుంది. తెల్ల కుక్కకైతే ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, తర్వాత ఎడిటింగ్‌లో సరిచేయబోతే తలనొప్పే. పైగా కొన్ని ఎల్‌ఈడీ బల్బులు కరెంటుతో పాటు మినుకుమంటుంటాయి. 50 హెర్ట్‌జ్ కరెంటున్న చోట సెకనుకు 100 సార్లు. కంటికి తెలియదు గానీ, షట్టర్ వేగం పెంచేసరికి, అంటే లెన్స్‌లోకి వెలుగొచ్చే సమయం తగ్గించేసరికి, ఫొటోలో చారలు పడతాయి.

చిన్న కుక్కలతో ఒక ఇబ్బంది ఉంది, పెద్ద కుక్కలున్నవాళ్లకు ఇది తట్టదు. కిటికీ గట్టు నేలకు చాలా ఎత్తులో ఉంటుంది, కుక్క దానికి చాలా కిందుంటుంది. సరిగ్గా కిటికీ కింద కూర్చోబెడితే వెలుగంతా దాని నెత్తిమీదుగా గదిలోకి పోతుంది, కుక్క మాత్రం గోడ నీడలో మిగులుతుంది. అందుకే కిటికీకి ఒకటి, ఒకటిన్నర మీటర్లు వెనక్కి జరపండి. ఇంకా మంచిది, నేల దాకా తెరుచుకునే తలుపు. బాల్కనీ తలుపు గానీ వీధి తలుపు గానీ తీస్తే వెలుగు నేల మీదే పరుచుకుంటుంది. ఫొటో ధ్యాసలో పడి తలుపు తీసుందన్న సంగతి మరిచిపోయే ప్రమాదముంది కాబట్టి గ్రిల్ వేసి ఉంచండి, లేదంటే కుక్క పట్టీ ఇంకొకరి చేతిలో ఉండాలి.

కుక్కను పిలవకముందే వెలుగు ఎటునుంచి బాగుందో మీ చేతితోనే తేల్చుకోవచ్చు. నేల మీద కూర్చుని, కుక్క తల ఉండే ఎత్తులో పిడికిలి బిగించి పెట్టి మెల్లగా తిప్పండి. పిడికిలి వెలుగుకు ఎదురుగా ఉన్నప్పుడు అంతా ఒకేలా, చదునుగా కనిపిస్తుంది. పక్కకు తిప్పేకొద్దీ కణుపులు తేలతాయి, చర్మం మీది గీతలు కనిపిస్తాయి, చేతి వెంట్రుకలు విడివిడిగా తెలుస్తాయి. కుక్క బొచ్చుకూ జరిగేది ఇదే. పక్కనుంచి వచ్చే వెలుగు బొచ్చు ఒత్తును చూపిస్తుంది, ఎదురుగా వచ్చేది కళ్లను చూపిస్తుంది. రెండింటికీ మధ్యగా, కుక్క ముందువైపు కాస్త ఏటవాలుగా వెలుగు పడేలా మొదలుపెట్టండి. రెండోపక్క మరీ చీకటిగా అనిపిస్తే ఓ కుర్చీ మీద తెల్ల దుప్పటి వేసి దగ్గరికి జరపండి. ఆ తెలుపు మీద పడ్డ వెలుగు తిరిగొచ్చి నీడను పల్చన చేస్తుంది.

వెలుగు సరిగ్గా కుదిరిందా లేదా అన్నది కుక్క కళ్లు చెబుతాయి. నల్లటి కంట్లో పైభాగాన కిటికీ ఆకారంలో ఓ చిన్న తెల్ల మెరుపు కనిపిస్తే కుదిరినట్టే. ఆ మెరుపు లేని ఫొటోలో ఎంత చురుకైన కుక్కయినా నీరసపడి ఉన్నట్టుంటుంది. మెరుపు కనిపించకపోతే కుక్కను కదిలించకండి, మీరే పక్కకు జరిగి దాని చూపును వెలుగువైపు తిప్పండి.

ఫ్లాష్ ఊసే వద్దు. కుక్క కంట్లో రెటీనా వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటుంటుంది. మసక చీకట్లో కూడా దానికి బాగా కనబడడానికి ఆ పొరే కారణం. ఫ్లాష్ వెలుగు దాని మీద పడి నేరుగా లెన్స్‌లోకి తిరిగొస్తుంది, ఆ పచ్చటి, పసుప్పచ్చటి దీపాల కళ్లు అలా వచ్చేవే. కొన్ని నీలికళ్ల కుక్కల్లో ఆ పొర ఉండదు, వాటికి మనుషుల్లాగే కళ్లు ఎర్రగా పడతాయి. మధ్యలో ఒక్కసారి ఫ్లాష్ వెలిగితే ఉలిక్కిపడి, తర్వాత ఫోన్ కనిపిస్తేనే లేచి వెళ్లిపోయే కుక్కలున్నాయి. ఆటోలో పెట్టడం కాదు, పూర్తిగా ఆపేయండి.

చోటు సర్దుకోండి

కుక్క రోజూ ఎక్కడ పడుకుంటుందో, ఎక్కడ నిలబడి బయటికి చూస్తుందో మీకు తెలిసే ఉంటుంది. వీలైతే అక్కడే తీయండి. ఆ చోట వెలుగు లేకపోతే దాని పరుపునో, అది ఇష్టపడే పాత దుప్పటినో తెచ్చి వెలుగున్నచోట వేసి ఊరుకోండి. ఒకట్రెండు రోజుల్లో అదే అలవాటు పడుతుంది. రెక్క పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టిన కుక్క ముఖంలో ఆ సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు వెనకాల ఏముందో చూడండి. నేల ఎత్తునుంచి చూస్తే ఇల్లు వేరేగా కనిపిస్తుంది. నిలబడ్డప్పుడు కంటికి ఆనని చెప్పులు, ఛార్జర్ వైర్లు, మంచం కింది పెట్టెలు అన్నీ ఫ్రేమ్‌లోకొస్తాయి. అవి తీసేయండి. గదంతా సర్దక్కర్లేదు, లెన్స్ చూసే ఆ కాస్త మేరా ఖాళీగా ఉంటే చాలు. కుక్కకూ వెనక గోడకూ మధ్య రెండు మీటర్లు ఎడమిస్తే వెనకదంతా దానంతటదే మసకబారుతుంది. నల్ల కుక్కను ముదురు సోఫా మీద, తెల్ల కుక్కను తెల్ల దుప్పటి మీద పెట్టకండి. కుక్క రంగుకూ వెనక రంగుకూ తేడా తెలియాలి.

కుక్కను కూడా కాస్త చూసుకోండి. కంటి కొసల్లో పుసి తడిగుడ్డతో తుడవండి, కళ్ల మీద పడే జుట్టు పక్కకు దువ్వండి, గడ్డం కింద అంటుకున్న తిండి తీసేయండి. ఈ రెండు నిమిషాల పని తర్వాత ఎడిటింగ్‌లో అరగంట మిగులుస్తుంది. అన్నట్టు, లెన్స్ కూడా తుడవండి. కుక్క ఉన్న ఇంట్లో ఫోన్ లెన్స్ మీద ముక్కు ముద్ర లేకుండా ఉండదు.

నేల మీదికి దిగండి

చాలా చిన్న జాతులకు కళ్లు నేలనుంచి జానెడు, జానెడున్నర ఎత్తులోనే ఉంటాయి. మీ లెన్స్ కూడా అక్కడే ఉండాలి. గొంతుక్కూర్చుంటే సరిపోదు, బోర్లా పడుకుని మోచేతులు నేలకు ఆనించండి. ఫోన్‌తో ఇంకో చిట్కా ఉంది. లెన్సులు ఫోన్‌కు పైభాగంలో ఉంటాయి కదా, దాన్ని తలకిందులుగా పట్టుకోండి, లెన్స్ నేలకు దాదాపు తగులుతూ ఉంటుంది. ఫొటో తలకిందులుగా పడుతుందని భయపడకండి, ఫోన్ దాన్ని తిన్నగానే చూపిస్తుంది.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎలియట్ ఎర్విట్ కుక్కల ఫొటోలకు పెట్టింది పేరు. 1974లో న్యూయార్క్‌లో ఆయన తీసిన ఒక ఫొటోలో ఊలు టోపీ పెట్టుకున్న ఓ బుల్లి చివావా ఉంటుంది. పక్కనే ఒక మనిషి బూట్లు, ఆ పక్కన స్తంభాల్లా గ్రేట్ డేన్ ముందు కాళ్లు. మనిషి మోకాళ్ల పైన కనిపించదు, పెద్ద కుక్క తల కనిపించదు. ఆ ఫొటోలో హీరో చివావానే, ఎందుకంటే కెమెరా దాని ఎత్తులో ఉంది. అదే చోట ఆయన నిలబడి తీసుంటే చివావా కాళ్ల దగ్గరి వస్తువుల్లో ఒకటయ్యేది.

నడుము వంగనివాళ్లు కుక్కనే సోఫా మీదికో మంచం మీదికో ఎక్కించి, తాము కింద కూర్చోవచ్చు. కాకపోతే పక్కన ఒకరుండాలి. చిన్న జాతుల ముందుకాళ్ల ఎముకలు సన్నగా ఉంటాయి, సోఫా మీంచి దూకి కాలు విరగ్గొట్టుకోవడం వాటికి మామూలే. టేబుల్, స్టూల్, కిటికీ గట్టు లాంటివి వద్దే వద్దు.

పైనుంచి తీసిన ఫొటోలన్నీ చెత్త అని కాదు. చుట్ట చుట్టుకుని నిద్రపోయే కుక్కను సరిగ్గా నెత్తిమీంచి తీస్తే ఆ గుండ్రటి ఆకారం ముచ్చటగా ఉంటుంది. నిలబడి ఉన్న ఎత్తునుంచి, ఏటవాలుగా, ఆలోచించకుండా తీసే అలవాటే మానాలి.

దగ్గరికి వెళ్లకండి, జూమ్ చేయండి

ఫోన్ ప్రధాన కెమెరా సాధారణంగా 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్స్‌కు సమానం, అంటే ఎక్కువ మేర చూపే వైడ్ లెన్స్. దాంతో అడుగు దూరంలోకి వెళ్లి తీస్తే ముక్కు ఉబ్బిపోయి, చెవులు వెనక్కి కుంచించుకుపోతాయి. ఒకసారి సరదాకు బాగుంటుంది, ప్రతిసారీ అదే ముఖమైతే విసుగు. మీరు ఒకటిన్నర మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి. ముఖం ఉన్నది ఉన్నట్టు వస్తుంది, మీ నీడ దాని మీద పడదు, కుక్క కూడా బెదరదు. ఫోన్‌లో విడిగా టెలిఫొటో లెన్స్ ఉంటే ఇంకా మంచిది, కానీ దానికి వెలుగు ఎక్కువ కావాలి. వేళ్లతో లాగి 8ఎక్స్, 10ఎక్స్ దాకా పోతే బొచ్చు పేస్టులా అయిపోతుంది. పెద్ద కెమెరా ఉన్నవాళ్లు 50 గానీ 85 మిల్లీమీటర్ల లెన్స్ గానీ వాడండి.

వెనకదాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ చూడ్డానికి బాగుంటుంది గానీ బొచ్చు కుక్కల దగ్గర తడబడుతుంది. మీసాలు మాయమవుతాయి, చెవి అంచులు ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు వస్తాయి. వాడితే వాడండి, అదే ఫొటో మామూలు మోడ్‌లోనూ ఒకటి తీసి పెట్టుకోండి.

ఫోకస్, వేగం, వెలుగు మోతాదు

ఫోకస్ ఎప్పుడూ కంటి మీద, రెండు కళ్లలో దగ్గరున్న కంటి మీద. కెమెరా తనంతట తాను వదిలేస్తే ముందుకు పొడుచుకొచ్చిన ముక్కును పట్టుకుంటుంది. స్క్రీన్ మీద కంటి దగ్గర వేలు కాసేపు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు అక్కడే లాక్ అవుతాయి. జంతువుల కన్నును గుర్తుపట్టి వెంటాడే ఆటోఫోకస్ ఇప్పుడు చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఉంది, మెనూలో మనుషులనుంచి జంతువులకు మార్చుకోవడమే. కళ్ల మీద జుట్టు పడే కుక్కల దగ్గర మాత్రం అది కూడా చేతులెత్తేస్తుంది.

కూర్చున్న కుక్క కూడా కదులుతూనే ఉంటుంది. చెవి ఆడుతుంది, తల తిరుగుతుంది. షట్టర్ వేగం మీరే మార్చుకోగలిగితే కూర్చున్నప్పుడు సెకనులో 1/250వ వంతు, ఆడుతున్నప్పుడు 1/500, మీవైపు పరిగెత్తుకొస్తున్నప్పుడు 1/1000. ఇంటి వెలుగులో అంత వేగానికి, వెలుగును కెమెరా ఎంత చురుగ్గా పట్టుకోవాలో చెప్పే ఐఎస్‌ఓ 1600, 3200 దాకా పెంచాల్సి రావచ్చు, పెంచండి. ఫొటోలో కాస్త గింజలు గింజలుగా ఉన్నా ఫర్వాలేదు, కళ్లు అలికినట్టుంటే మాత్రం ఆ ఫొటో పనికిరాదు. పెద్ద కెమెరాలో ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రాన్ని, ఎఫ్/1.8 కి బాగా తెరిచేసి ముఖం దగ్గరగా తీస్తే కళ్లు స్పష్టంగా ఉండి ముక్కు మసకబారుతుంది. ఎఫ్/4 దగ్గర ఉంచితే రెండూ దక్కుతాయి.

ఫోన్‌లో ఇవన్నీ మార్చక్కర్లేదు. నైట్ మోడ్ ఆపేయండి, అది వెలుగు కోసం షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. బర్స్ట్ వాడండి. బటన్ నొక్కి పట్టుకుంటే కొన్ని ఫోన్లలో వరసగా ఫొటోలు పడతాయి, కొన్నిట్లో బటన్‌ను పక్కకో కిందికో లాగాలి. మీ ఫోన్‌లో ఎలాగో ముందే చూసి పెట్టుకోండి, కుక్క తల వంచి చూస్తున్నప్పుడు మెనూలు వెతుక్కోవడం కుదరదు.

నల్ల కుక్క, తెల్ల కుక్క గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. కెమెరా ఏ దృశ్యాన్నయినా సగటున మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా తెల్ల మాల్టీస్ ఉంటే ‘అబ్బో, వెలుగు ఎక్కువైంది’ అనుకుని తగ్గిస్తుంది, కుక్క మాసినట్టు వస్తుంది. ఫ్రేమ్ నిండా నల్ల కుక్క ఉంటే చీకటి అనుకుని పెంచుతుంది, నలుపు కాస్తా వెలిసిపోతుంది. కాబట్టి మన బుద్ధికి తోచినదానికి ఎదురు చేయాలి: తెల్ల కుక్కకు వెలుగు కాస్త పెంచాలి, నల్ల కుక్కకు కాస్త తగ్గించాలి. ఫోన్‌లో కంటి దగ్గర తాకగానే పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరపడమే. కెమెరాలో అయితే వెలుగు పెంచే, తగ్గించే ప్లస్, మైనస్ సెట్టింగులో తెల్లదానికి ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1, నల్లదానికి మైనస్ 1/3 నుంచి మైనస్ 2/3 తో మొదలుపెట్టండి. ఇదంతా కుక్క ఫ్రేమ్ నిండా ఉన్నప్పటి లెక్క. నల్ల కుక్క చిన్నగా ఉండి వెనకాల వెలుగుతున్న కిటికీ ఉంటే లెక్క తలకిందులవుతుంది, అప్పుడు పెంచాలి. పెంచేటప్పుడు తెల్లటి బొచ్చులో పోగులు కనిపిస్తున్నాయా లేదా చూస్తూ ఉండండి, ఒకసారి తెల్లగా మాడిపోయిన చోట ఎడిటింగ్‌లో కూడా ఏమీ తిరిగిరాదు.

నల్ల కుక్కకు వెలుగును తగ్గించడం కన్నా ముఖ్యం, వెలుగు పెద్దగా, దగ్గరగా, ముఖానికి ఎదురుగా ఉండడం. వెడల్పాటి బాల్కనీ తలుపు ముందు కూర్చోబెడితే బొచ్చు మీద మెరుపు పరుచుకుని, కన్నెక్కడో ముక్కెక్కడో విడిగా తెలుస్తాయి. పొమరేనియన్ లాంటి విరబోసుకున్న బొచ్చుకైతే దీనికి ఎదురు: సాయంత్రం వాలు వెలుగును దాని వెనక ఉంచి తీయండి, చుట్టూ అంచంతా బంగారు రంగులో వెలుగుతుంది.

కుక్కను ఒప్పించడం

ముందు ఫోన్‌ను వాసన చూడనివ్వండి. లెన్స్ అంటే దానికి ఎదురుగా రెప్ప వేయకుండా చూస్తున్న పెద్ద కన్ను. కొన్ని కుక్కలు అందుకే ముఖం తిప్పేసుకుంటాయి. ఫోన్ తీయగానే చిన్న ట్రీట్ ముక్క, దాని వైపు పెట్టగానే ఇంకో ముక్క, ఫొటో తీయకుండానే లోపల పెట్టేయండి. ఇలా కొన్నాళ్లు చేస్తే ఫోన్ బయటికొస్తే తనకు మంచిదే జరుగుతుందని దానికి అర్థమవుతుంది. ట్రీట్ గోరంతే ఉండాలి, చిన్న కుక్క పొట్ట ఎంతని! చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) కలిసినవి కుక్కలకు విషం, ఫొటో కోసమని కూడా ఒక్క ముక్క పెట్టకండి.

వేళ కూడా చూసుకోవాలి. కాసేపు నడిపించి, నీళ్లు తాగించి, వగర్పు తగ్గాక మొదలుపెడితే కుదురుగా ఉంటుంది. అప్పుడే నిద్రలేచిన కుక్క కూడా బాగా సహకరిస్తుంది. భోజనం ముందు మరీ ఆకలి మీదుంటే చేతినే చూస్తుంది, కడుపు నిండాక దేన్నీ పట్టించుకోదు.

పేరు పెట్టి పిలవకండి. పిలిస్తే రావడమే దానికి మనం నేర్పింది, తోక ఊపుకుంటూ వచ్చి లెన్స్ నాకుతుంది. చూపు మీవైపు కావాలంటే కొత్త చప్పుడు చేయండి: ప్యాకెట్ గరగర, తాళాల గలగల, నాలుకతో టక్కుమనడం, సన్నటి ఈల. ఎర్విట్ హారన్ పట్టుకు తిరిగేవారు, అవసరమైతే తానే మొరిగేవారు. మన బుజ్జి కుక్కకు అంత హడావుడి అక్కర్లేదు, మనకు వినపడనంత సన్నటి ధ్వనులు కూడా దానికి వినిపిస్తాయి. తల పక్కకు వంచి ‘ఏంటది?’ అన్నట్టు చూసే ఆ చూపు మొదటిసారి చప్పుడుకే వస్తుంది. రెండోసారికి సగం, మూడోసారికి చెవి కూడా కదలదు. అందుకే వరస ముఖ్యం. పడుకోండి, ఫ్రేమ్ చూసుకోండి, కంటి మీద ఫోకస్ లాక్ చేయండి, బర్స్ట్ మొదలుపెట్టండి, అప్పుడు చప్పుడు చేయండి. చాలామంది ముందు చప్పుడు చేసి తర్వాత ఫోన్ సర్దుకుంటారు.

ఇంకొకరు సాయానికుంటే వాళ్లు మీ పక్కన కాదు, మీ తల వెనకే ఉండాలి. పక్కనుంచి బొమ్మ ఊపితే కుక్క పక్కకే చూస్తుంది. ఎవరూ లేకపోతే ట్రీట్‌ను లెన్స్ పక్కన వేలితో పట్టుకుని చూపించి, పిడికిట్లో దాచేయండి. ఎక్కడికి పోయిందా అని వెతికే ఆ అరక్షణం మీది. ఆడించడానికి బొమ్మ ఎంచుకునేటప్పుడు నీలం గానీ పసుపు గానీ తీసుకోండి. కుక్కలకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, నీలం, పసుపు బాగా తెలుస్తాయి.

ఎప్పుడు ఆపాలో కుక్కే చెబుతుంది. తిండేమీ లేకుండానే పెదాలు నాకడం, నిద్ర రాకుండానే ఆవులించడం, ముఖం పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, చెవులు వెనక్కి అణచడం, తోక కాళ్ల మధ్యకు లాక్కోవడం, ఇవన్నీ ‘నాకిది నచ్చట్లేదు’ అనే సూచనలే. ఆవులింతను నవ్వనుకుని ముచ్చటపడేవాళ్లను చూస్తే నాకు కుక్క మీద జాలేస్తుంది. ఒకటి కనిపించినా ఫోన్ పక్కన పెట్టి దాన్ని వదిలేయండి. సూచనలేవీ కనిపించకపోయినా పది నిమిషాలు దాటనివ్వకండి. పగ్ లాంటి చప్పిముక్కు కుక్కలు తొందరగా వేడెక్కి ఆయాసపడతాయి, వాటికి అయిదు నిమిషాలే ఎక్కువ.

టోపీలు, కళ్లజోళ్లు, గౌన్ల గురించి అడిగితే నా సలహా ఒక్కటే: వద్దు. రోజూ వేసుకునే స్వెట్టరో మెడపట్టీయో అయితే సరే. ఫొటో కోసం కొత్తగా తొడిగినదాంట్లో కుక్క బిగుసుకుపోయి నిలబడుతుంది. రబ్బరు బ్యాండ్లు, పూసలు, బెలూన్లు మింగేస్తే ఫొటో మాట దేవుడెరుగు, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఏమేం తీయొచ్చు

ఎంతసేపూ ముఖమే కాకుండా కాస్త చుట్టూ తిరగండి. పంజా కింది మెత్తలు, తడిముక్కు మీది గరుకు, చెవి లోపలి గులాబీ రంగు, ఇవి అది నిద్రపోతున్నప్పుడు హాయిగా తీసుకోవచ్చు. షట్టర్ చప్పుడు మాత్రం ఆపుకోండి. డాక్స్‌హుండ్ పొడవు తెలియాలంటే కాస్త పక్కనుంచి తీయాలి. చివావాకు చెవులే అందం, అవి ఫ్రేమ్‌లో తెగిపోకుండా పైన చోటుంచండి. పగ్‌ను పక్కనుంచి తీస్తే ఏమీ ఉండదు, ఎదురుగా తీస్తే నుదుటి మడతల్లోనే కథంతా ఉంటుంది.

పరుగు తీయాలంటే వెలుగున్న వరండాయో, పొడవాటి హాలో చూసుకుని ఒక చివర మీరు పడుకోండి, రెండో చివరనుంచి ఇంకొకరు వదలాలి. ఫోన్ దాన్ని వెంటాడలేదు. అది దాటబోయే చోట నేల మీద ముందే ఫోకస్ లాక్ చేసి, ఆ గీత దగ్గరికి వస్తుండగా బర్స్ట్ నొక్కండి. నున్నటి నేల మీద జారిపడుతుంది కాబట్టి చాప పరవండి.

పిల్లలతో కలిపి తీసేటప్పుడు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టండి, కుక్కను ఎత్తుకోనివ్వకండి. ఇద్దరూ లెన్స్ వైపు చూడాలని పట్టుబట్టకండి. పాప కుక్కను చూస్తూ, కుక్క పాప చేతిని చూస్తూ ఉన్న ఫొటోలే తర్వాత ఎక్కువసార్లు తీసి చూసుకుంటారు.

ఏరడం, దిద్దడం

బర్స్ట్ వాడాక గ్యాలరీ నిండిపోతుంది, అదే రోజు ఏరేయండి. ముందు కన్ను స్పష్టంగా లేనివన్నీ కొట్టేయండి. మిగిలినవాటిలో చెవులు, నోరు చూసి ఒకటో రెండో ఉంచుకోండి. ఒకే భంగిమవి ఇరవై దాచుకుంటే ఏ ఒక్కటీ మళ్లీ చూడరు.

దిద్దడం కొంచెమే చాలు. ఒరిగిన నేలను తిన్నగా చేయండి. కత్తిరించేటప్పుడు కుక్క ఎటు చూస్తోందో అటువైపు ఖాళీ ఎక్కువుంచండి, పాదాల మధ్యలో మాత్రం కోయకండి. నీడలు కాస్త తేల్చండి, కంటి కింద మరకుంటే చెరిపే టూల్‌తో తీసేయండి. షార్ప్‌నెస్ పెంచితే మెత్తటి బొచ్చు కాస్తా పీచులా అవుతుంది, దాని జోలికి పోకండి. అసలు ఫొటో విడిగా ఉంచుకుని కాపీ మీదే ఇవన్నీ చేయండి.

ఇంత సరంజామా సిద్ధమయ్యాక ఒక రోజు అందం కోసం కాకుండా గుర్తు కోసం కూడా నాలుగు ఫొటోలు తీసిపెట్టండి. ముఖం ఎదురుగా ఒకటి, నిలబడి ఉండగా కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, మచ్చో మడిచిన చెవో తోక కొస తెలుపో ఏదైనా ప్రత్యేకమైన గుర్తుకు దగ్గరగా ఒకటి. మెడపట్టీ గుర్తులను కప్పేయకూడదు, పక్కన మనిషి కాలో కుర్చీయో ఉంటే ఎత్తు తెలుస్తుంది. కుక్క ఎప్పుడైనా తప్పిపోతే వెతికేవాళ్లకు పనికొచ్చేవి ఇవే, వాలు వెలుగులో తీసిన బంగారు అంచు ఫొటో కాదు. బొచ్చు కత్తిరించాక కుక్క గుర్తుపట్టలేనంత మారిపోతుంది కాబట్టి అప్పుడు ఇవి మళ్లీ తీయాలి, పిల్ల అయితే పెరిగేకొద్దీ తీస్తూ ఉండాలి. ఒక సెట్టు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా వేసి ఉంచండి.